వానలో మూగవోని చేతిరేడియో

ఆషాఢ శ్రావణములలో ముసురు పట్టినపుడు మన యిండ్లలో మొట్టమొదట ఆగిపోవునది డాబామీది డిష్ టీవీ. పిదప కరెంటు పోవును. మఱికొన్ని గంటలు గడచినచో, చార్జింగు నిండుగానున్న సెల్‌ఫోనులో సైతము సిగ్నలు గీతలు ఒక్కొక్కటే తగ్గి, తుదకు ఏమియు మిగులదు. అదే వానలో, అదే చీకటిలో, చెఱువుకట్టమీద గస్తీ తిరుగుచున్న కానిస్టేబులు భుజమునకు తగిలించుకొన్న వాకీటాకీ మాత్రము గరగరమనుచు పలుకుచునే యుండును. లోకమందలి సమాచారమునంతటిని అరచేతిలో చూపగల ఫోను చేయలేని పనిని, రెండుమూడు మీటలు, ఒక పొట్టి యాంటెన్నా తప్ప మఱేమియు లేని యీ నల్లని పెట్టె యెట్లు చేయగలుగుచున్నది?

జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి ప్రాంతములవారికి ఈ ప్రశ్న కేవల కుతూహలముచేత పుట్టినది కాదు. 2023 జులై 27వ తేదీ యుదయమునకు ముగిసిన ఇరువదినాలుగు గంటలలో భూపాలపల్లి జిల్లా చిట్యాలలో 616.5 మిల్లీమీటర్లు, పొరుగుననున్న ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్లు వర్షము కురిసినది. మోరంచవాగు పొంగి మోరంచపల్లి గ్రామమును ముంచివేయగా ప్రజలు ఇండ్లకప్పులమీది కెక్కి ప్రాణములు దక్కించుకొనవలసి వచ్చినది. వారిని కాపాడుటకు హెలికాప్టర్లు రావలసి వచ్చినది. మఱుసటి యేడు, 2024 సెప్టెంబరు 1వ తేదీన, మహబూబాబాదు జిల్లాలో ఇంటికన్నె, కేసముద్రం స్టేషన్ల నడుమ వరద తాకిడికి రైలుకట్ట కోసికొనిపోయి పట్టాలు గాలిలో వ్రేలాడినవి. ఇట్టి గడియలలో ఎగువ గ్రామమునుండి దిగువ గ్రామమునకు ఒక్క మాట చేరుట యెంత విలువైనదో వేఱుగ చెప్పనక్కఱలేదు. ఆ మాటను మోయు చిన్న యంత్రములో ఏమి జరుగునో, దానిని చేతపట్టినవారు ముందుగా ఏమి తెలిసికొనియుండవలెనో ఇచ్చట వివరింపబూనితిని.

ఫోను ఫోనుతో మాటాడదు

ప్రక్కప్రక్క గదులలో కూర్చున్న యిద్దఱు సెల్‌ఫోనులో మాటాడుకొన్నను ఆ మాట ఈ గదినుండి ఆ గదికి తిన్నగా పోదు. మొదట ఊరిబయటి టవరునకు, టవరునుండి నేలలో పూడ్చిన ఫైబరు తీగవెంబడిగాని మఱియొక టవరుమీదుగాగాని ఏ హైదరాబాదులోనో యున్న పెద్ద యంత్రశాలకు, అచ్చటనుండి మరల అట్టి త్రోవనే వెనుకకు వచ్చి రెండవ ఫోనును చేరును. టవరునకు కరెంటు కావలెను. కరెంటు పోయినచో బ్యాటరీలు కొన్ని గంటలు, డీజిలున్నంతవఱకు జనరేటరు మఱికొన్ని గంటలు దానిని నడపగలవు. వాగు కల్వర్టును కోసినచో దాని ప్రక్కగా పోవు ఫైబరు తీగయు తెగును. ఇవన్నియు సక్రమముగనే యున్నను, ఒక టవరు ఒకేసారి ఇందఱకే సేవ చేయగలదను హద్దు కలదు. రెండేండ్లకొకసారి మేడారమున సమ్మక్క సారలమ్మల జాతరకు లక్షలాది జనము చేరినపుడు, చేతిలో ఫోనుండియు కాల్ కలియక, తప్పిపోయిన తమవారికొఱకు గద్దెల చుట్టును వెదకికొన్నవారు మనలో ఎందఱో కలరు.

చేతిరేడియో ఈ మధ్యవర్తులనెల్ల విడిచిపెట్టినది. మీట నొక్కినంతనే దానినుండి వెలువడు తరంగము అన్ని దిక్కులకు వ్యాపించి, అదే పౌనఃపున్యమునకు సిద్ధపఱచిన సెట్లు ఎన్ని యున్న అన్నిటిలోను ఏకకాలమున వినబడును. నడుమ టవరు లేదు, తీగ లేదు, నెలవారీ రీచార్జి లేదు. 'కట్ట తెగునట్లున్నది, దిగువవారు పైకి రండు' అని ఒకరు ఒక్కమారు పలికినచో, పదిమందికి పది నంబర్లు నొక్కనక్కఱలేకయే పదిమందియు విందురు. ఇందులకు మనము చెల్లించు మూల్యము రెండు విధములు: ఒకరు పలుకుచున్నంతసేపు ఇతరులెల్లరు వినుచుండవలసినదే గాని ఎదురు పలుకరాదు, మఱియు మాట పోవు దూరము పరిమితము.

రెండవ ప్రపంచయుద్ధమున అమెరికా సైన్యముకొఱకు మోటరోలా సంస్థ తయారుచేసిన చేతిసెట్టు రెండు కిలోలకు పైబడిన బరువు కలిగి, నేలమీద సుమారు మైలు దూరము మాత్రమే మాటను చేర్చగలిగెడిది. నేటి సెట్టు పావుకిలో బరువు లోపుననే యున్నది. బ్యాటరీ, పరికరములు ఎంతయో మెరుగుపడినవి. అయినను తరంగము నడచు పద్ధతి నాడెట్లో నేడును అట్లే. అందుచేతనే, సెట్టు వెలనుబట్టి గాక దానిని పట్టినవాని తెలివినిబట్టియే మాట చేరుటయు చేరకుండుటయు నిర్ణయమగునని నా నిశ్చితాభిప్రాయము.

వానచినుకును అల పొడవును

డిష్ టీవీకి వచ్చు తరంగము పొడవు, అనగా ఒక అల శిఖరమునుండి తరువాతి శిఖరమునకు గల దూరము, సుమారు రెండున్నర సెంటీమీటర్లు. వానచినుకు కొన్ని మిల్లీమీటర్ల పరిమాణము గలది. ఈ కొలతలు ఒకదానికొకటి చేరువగ నుండుటచేత చినుకులు ఆ తరంగశక్తిని కొంత పీల్చుకొని, కొంత చెల్లాచెదరు చేయును. ముప్పదియాఱువేల కిలోమీటర్ల యెత్తుననున్న ఉపగ్రహమునుండి వచ్చి యిదివఱకే సన్నగిల్లియున్న సిగ్నలు, కుండపోత వానలో ఆ నష్టమును తట్టుకొనలేక తెగిపోవును. చేతిరేడియోలలో పెక్కింటికి వాడుక యైన 145 మెగాహెర్ట్జ్ ప్రాంతమున తరంగము సెకనుకు పదునాలుగున్నర కోట్లమార్లు కంపించును. దాని పొడవు రెండు మీటర్లకు కొంచెము హెచ్చు. రెండు మీటర్ల అలకు చినుకు లెక్కలోనిది కాదు. ఎంతటి జడివానలోనైనను అది యించుమించు తగ్గకయే సాగిపోవును.

ఆకు సంగతి వేఱు. తేమ నిండిన దట్టమైన అడవి రేడియో తరంగమును కొంత మ్రింగును. అల పొడవు తగ్గినకొలది ఆ మ్రింగుట హెచ్చును. కొత్తగూడ, గంగారం అడవులలోనైనను, గోదావరిదిక్కున మహాదేవపూరు అడవులలోనైనను రెండు మీటర్ల అలతో పలుకు సెట్టు, 446 మెగాహెర్ట్జ్‌వద్ద ముప్పాతిక మీటరుకన్న చిన్న అలతో పలుకు సెట్టుకన్న మేలుగా పనిచేయుటకు ఇదియే హేతువు. సిమెంటు కట్టడములు క్రిక్కిఱిసిన పట్టణములో మాత్రము చిన్న అల కిటికీలగుండ, సందులగుండ దూరి ప్రతిఫలించి పోగలదు గాన అక్కడ దానికే కొంత అనుకూలత కలదు.

ఎత్తునకు మించిన వాట్టు లేదు

రేడియో తరంగమును వెలుతురును ఒకే జాతివి. రాత్రివేళ లాంతరు చేతబట్టుకొని పొలములో నిలిచినవాని దీపము, నడుమ గుట్టగాని ఇల్లుగాని చెట్లగుంపుగాని లేనంతవఱకు దూరమువారికి కనబడును. గుట్ట అడ్డువచ్చినచో వత్తి నెంత పెద్దది చేసినను ప్రయోజనము లేదు. అదే మనుష్యుడు గుట్ట నెక్కెనా, చిన్న దీపమే పది యూళ్ళకు కనబడును. చేతిరేడియో వ్యవహారమంతయు ఇంచుమించు ఇంతే. తరంగము నేల వంపునుబట్టి వెలుతురుకన్న కొలదిగా క్రిందికి వంగగలదు, అంచులను కొంతవఱకు చుట్టిపోగలదు. కాని భూమి గుండ్రదనమును దాటి చాలదూరము పోజాలదు.

లెక్కకు వచ్చినచో, నేలమీద నిలిచి సెట్టును ముఖముచెంత పట్టినవానికి రేడియో దిగంతము సుమారు అయిదు కిలోమీటర్లు. అట్టివారిద్దఱు బయలునేలమీద ఎదురెదురుగ నున్నచో సిద్ధాంతరీత్యా పది కిలోమీటర్లు మాటాడుకొనవచ్చును. ఇండ్లు చెట్లు అడ్డుపడు ఊళ్ళలో అది రెండు మూడు కిలోమీటర్లకు కుదించుకొనిపోవుట సాధారణము. తొమ్మిది మీటర్ల యెత్తుగల డాబా నెక్కినంతనే ఆ దిగంతము పండ్రెండు కిలోమీటర్లకు పెరుగును. నూఱు మీటర్ల గుట్టమీదినుండి నలువది కిలోమీటర్లు దాటును. సెట్టు డబ్బాలపై అచ్చొత్తు 'ఇన్ని మైళ్ళు' అను ప్రకటనలు ఇట్టి గుట్టశిఖరములనుండి లెక్కించినవేగాని, వీధిలో నిలిచి లెక్కించినవి కావు.

ఇక వాట్టుల మాట. ఏ అడ్డును లేని బయలులో సైతము దూరమును రెట్టింపు చేయుటకు శక్తిని నాలుగింతలు చేయవలెను. అయిదు వాట్ల సెట్టు స్థానమున ఇరువది వాట్ల సెట్టును కొనుటకు ముందు మెట్లెక్కి డాబామీదికి పోయి చూచుట వివేకము. జనగామ మెట్టనేలలలో జఫర్‌గఢ్ కోటగుట్టవంటి యెత్తుమీదినుండి పలికిన మాట చుట్టుప్రక్కల పల్లెలకు సులువుగ చేరగలదు. రేగొండ చేరువనున్న పాండవుల గుట్టల ఇసుకరాతి గోడలకు వెనుకవైపున నిలిచినవానికి మాత్రము రెండు కిలోమీటర్ల దూరమునుండి వచ్చు మాటయు అందకపోవచ్చును. భూపాలపల్లిలోని సింగరేణివారి కాకతీయ ఖని భూగర్భములోనికి పైనుండి ఈ తరంగము దిగనే దిగదు; బొగ్గును బండయు దానిని కొన్ని మీటర్లలోనే హరించివేయును. అట్టి గనులలో రేడియో కావలసినచో, పొడవునను సన్నని చీలికలుంచిన ప్రత్యేకమైన కేబులును సొరంగముల వెంబడి పఱచి, ఆ చీలికలనుండి కొంచెము కొంచెముగ తరంగమును వెలికి వదలు ఉపాయము పెక్కు దేశములలో వాడుకలో నున్నది.

గుట్టమీద మనుష్యుడు సదా నిలిచియుండజాలడు గనుక రిపీటరు అను యంత్రమును అచ్చట నిలుపుదురు. అది ఒక పౌనఃపున్యమున మాటను విని, అదే క్షణమున మఱియొక పౌనఃపున్యమున హెచ్చు శక్తితో దానిని తిరిగి పలుకును. ఒకే పౌనఃపున్యమున రెండు పనులును చేసినచో తన గొంతు తనకే వినబడి చెవుడు కలుగును గాన, రెండు మీటర్ల అలలలో ఆ రెండింటికి సామాన్యముగ 600 కిలోహెర్ట్జ్‌ల ఎడముంచుదురు. క్రిందనున్న సెట్టులో ఈ ఎడమును సరిగా నెక్కింపనిచో రిపీటరు మాట మనకు వినబడునే గాని మన మాట దానికి వినబడదు.

చేతికి వచ్చిన సెట్టును సిద్ధపఱచుట

క్రొత్తసెట్టును విప్పినవారు మొదట మీట నొక్కి చూడవలెనని తొందరపడుదురు. అట్లు చేయరాదు. యాంటెన్నాను గట్టిగ బిగించిన పిమ్మటగాని మీటమీద వ్రేలు వేయరాదు. ఏలయనగా, వెలికి పోవలసిన శక్తికి దారి లేనిచో అది వెనుకకు మరలి, లోపలి చివరి ట్రాన్సిస్టరును వేడెక్కించి చెఱుపగలదు. యాంటెన్నా పొడవునకు గల కారణమును తెలిసికొనుట మంచిది: అల పొడవులో నాల్గవ వంతు పొడవుగల తీగ తరంగమును చక్కగ వెలువరించును. 446 మెగాహెర్ట్జ్‌వద్ద అది పదునేడు సెంటీమీటర్లే కావున పొట్టి యాంటెన్నా దానికి సహజము. 145 వద్ద అది అర మీటరు కావలెను. అంత పొడవు జేబుకు ఇమడదని తీగను చుట్టగా చుట్టి రబ్బరు తొడుగు వేయుదురు. మోయుటకు అనుకూలమే గాని, అందువలన శక్తిలో మంచి భాగము వ్యర్థమగును. సెట్టుతో వచ్చిన యాంటెన్నాను మార్చి అర మీటరు పొడవుగల దానిని తగిలించుట, వెచ్చించిన సొమ్మునకు అత్యధిక ఫలమిచ్చు మార్పు.

తరువాత బ్యాటరీ. లిథియము బ్యాటరీని మొదట నిండుగ చార్జి చేయవలెను; నెలలతరబడి వాడనిచో సగము చార్జితో, ఎండ తగులని చోట ఉంచవలెను. వినుటకన్న పలుకుటకే శక్తి పెక్కురెట్లు ఖర్చగును గనుక, తక్కువ మాటలాడువాని బ్యాటరీ ఎక్కువసేపు నిలుచును. ప్రమాదవేళల వాడదలచిన సెట్టునకు రెండవ బ్యాటరీ యొకటి చార్జితో సిద్ధముగ నుండవలెను.

పిదప పౌనఃపున్యము లేదా ఛానలు. జట్టులోని సెట్లన్నిటిలోను అదే ఛానలు, అదే వెడల్పు, అదే టోను ఉండవలెను. వెడల్పు అనగా ఒక ఛానలునకు కేటాయించు స్థలము. ఇది సాధారణముగ 12.5 కిలోహెర్ట్జ్‌లుగనో 25 కిలోహెర్ట్జ్‌లుగనో ఉండును. ఒకరిది సన్నగా, ఒకరిది వెడల్పుగా నున్నచో మాట వినబడినను ఒక ప్రక్క నీరసముగ, మఱియొక ప్రక్క బొంగురుగ నుండును. ఈ పనియంతయు ఒకే మనుష్యుడు ఒకే కూర్పున అన్ని సెట్లకు చేసి, మీటలకు తాళము వేసి యిచ్చుట ఉత్తమము. తడబాటులో ఎవరి వ్రేలో తగిలి ఛానలు మారుటయే పెక్కు వైఫల్యములకు మూలము.

ప్రత్యేక వివరణ: గరగర, నిశ్శబ్దము, టోను
రేడియోకు సిగ్నలు లేనపుడు వినబడు గరగరధ్వని సెట్టు లోపము కాదు. ఆకాశమునుండియు, తన భాగములలోని వేడినుండియు పుట్టు సహజమైన రొద. దీనిని మూసివేయు తలుపునకు స్క్వెల్చ్ అని పేరు. నాబును గరగర వినబడువఱకు త్రిప్పి, అది అప్పుడే ఆగిన చోట నిలుపవలెను. అంతకు మించి బిగించినచో దూరమునుండి వచ్చు బలహీనమైన మాట సైతము బయటనే నిలిచిపోవును. టోను అనునది ఇంకొక తలుపు: మన మాట క్రిందుగ, చెవికి చేరకుండ సెట్టు వడపోసివేయు ఒక మంద్రధ్వనిని మాటతోకూడ పంపుదురు, 67 హెర్ట్జ్‌లు మొదలుకొని వేర్వేఱు విలువలలో నేదో యొకదానిని ఎంచుకొందురు. వినువాని సెట్టు ఆ ధ్వని తగిలినపుడే నోరు తెఱచును. ఇది రహస్యమును కాపాడదు. టోను తీసివేసినవాడు అన్నియు వినగలడు. 'నా మాట వారికి అందుచున్నది, వారి మాట నాకు అందుటలేదు' అను ఫిర్యాదు వచ్చినపుడు మొదట చూడవలసినది ఈ టోనునే.

మీట నొక్కుట, మాట విడుచుట

మీట నొక్కిన వెంటనే పలుకరాదు. సెట్టు వినుట మాని పలుకుటకు మారుటకును, రిపీటరు మేల్కొనుటకును, వినువారి తలుపులు తెఱచుకొనుటకును క్షణకాలము పట్టును. ఆ క్షణమును మింగివేసినవారి మొదటి మాట తెగును. 'రావద్దు, వంతెనమీద నీరు' అని చెప్పదలచి, 'వంతెనమీద నీరు' అని మాత్రమే వినిపించినచో కలుగు అనర్థమును ఊహించుకొనుడు. కనుక నొక్కి, ఒక ఊపిరి ఆగి, నోటికి నాలుగైదు సెంటీమీటర్ల దూరమున పట్టి, అఱవక మామూలు గొంతుతో పలుకవలెను. అఱచినచో మైకు తట్టుకొనలేక మాట చితికిపోవును. మొదట పిలుచువాని పేరు, పిదప తన పేరు, పిదప విషయము, తుదకు 'ఓవర్' అని చెప్పి మీట విడువవలెను. విడువకుండ పట్టుకొన్నవాని సెట్టు ఊరందఱి నోరును మూయును.

ఇద్దఱు ఒకేసారి నొక్కినపుడు ఈ సెట్లు వాడు ఎఫ్.ఎమ్. పద్ధతికి ఒక విచిత్రగుణము కలదు: బలముగ వచ్చినది మాత్రము వినబడి, బలహీనమైనది పూర్తిగ అణగిపోవును, ఇద్దఱును సమబలులైనచో కీచుధ్వని తప్ప ఏమియు దక్కదు. అణగిపోయినవానికి తన మాట పోలేదని తెలియదు. అందుచేత అత్యవసర వార్త చెప్పినవాడు, ఎదుటివాడు దానిని మరల చదివి వినిపించువఱకు అది చేరినదని భావింపరాదు. ఊళ్ళపేర్లను, అంకెలను రెండుమార్లు చెప్పుట మన పోలీసువారికిని, రైల్వేవారికిని గల మంచి అలవాటు.

సెట్టును నిటారుగ పట్టవలెను. ఒకరిది నిలువుగ, ఒకరిది అడ్డముగ నున్నచో అలలు కంపించు దిక్కులు కుదరక సిగ్నలు మిక్కిలి తగ్గును. నడుమునకు తగిలించుకొని పలుకువాని దేహమే, అందులోని నీటివలన, యాంటెన్నాకు అడ్డుగోడ యగును. మాట తెగిపోవుచున్నచో ఉన్నచోటనే మొండిగ పలుకక అర మీటరు ప్రక్కకు జరిగి చూడవలెను: తిన్నగ వచ్చు అలయు, గోడనో గుట్టనో తాకి మరలివచ్చు అలయు ఒక బిందువున పరస్పరము హరించుకొనినను, రెండడుగుల ప్రక్కన ఒకదానికొకటి తోడ్పడుచుండవచ్చును.

ఎవరి అల యెవరిది

గాలిలో ఖాళీస్థలము లేదు. చవుకగ దొరకు సెట్లు పెక్కు 136 నుండి 174 మెగాహెర్ట్జ్‌లవఱకు ఎక్కడనైనను పలుకునట్లు తయారై వచ్చుచున్నవి. ఈ నిడివిలోనే ప్రభుత్వ శాఖల వ్యవస్థలును, రైల్వేవారి మాటలును ఉన్నవి. కాజీపేట నుండి మహబూబాబాదు మీదుగ విజయవాడకు పోవు దారిలో లోకోపైలటును, గార్డును అయిదు వాట్ల వాకీటాకీలతోను, స్టేషను మాస్టరు ఇరువదియైదు వాట్ల సెట్టుతోను మాటాడుకొందురు. బండి నాపవలసిన గడియలో, ఎఫ్.ఎమ్. గుణమునుబట్టి, స్టేషను చెంత పొలములో సరదాగా మీట నొక్కినవాని సెట్టు ఆ మాటను అణచివేయగలదని తలచుకొన్నచో, అనుమతి లేక పలుకుట ఎందులకు నేరమో బోధపడును.

అనుమతిపత్రము అక్కఱలేనిది 446.0 నుండి 446.2 మెగాహెర్ట్జ్‌లవఱకు గల చిన్న మేర. 2018 నాటి నియమముల ప్రకారము, నిర్ణీత ప్రమాణములకు లోబడిన అల్పశక్తి సెట్లను అందులో ఎవరైనను వాడవచ్చును. పొలమునందు, పెండ్లిపందిరిలో, గుడి ఉత్సవములలో అది చాలును. తక్కిన సెట్లకు ప్రభుత్వానుమతి కావలెను. అనుమతి లేని వాకీటాకీలను ఆన్‌లైన్ అంగళ్ళలో విచ్చలవిడిగ అమ్ముటను అరికట్టుటకు కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2025లో మార్గదర్శకములను వెలువరించినది. కొనువారు పెట్టెమీద పౌనఃపున్యమును చదివికొని మఱియే కొనవలెను.

హ్యాములు చూపిన దారి

ఇంకను విరివిగ పలుకగోరువారికి హ్యామ్ రేడియో, అనగా అమెచ్యూర్ రేడియో, కలదు. పండ్రెండేండ్లు నిండినవారు రేడియో సూత్రములను, నియమములను నేర్చి కేంద్ర టెలికాం శాఖవారి పరీక్షలో ఉత్తీర్ణులైనచో, వి.యు. అను అక్షరములతో మొదలగు స్వంత పిలుపుగుర్తును పొంది, 144 నుండి 146 మెగాహెర్ట్జ్‌ల మేరలో అయిదు వాట్ల చేతిసెట్టును న్యాయముగ వాడవచ్చును. వ్యాపారమునకు మాత్రము వాడరాదు. తొలి తరగతి అనుమతికి మోర్స్ సంకేతముల పరీక్ష లేదు. హైదరాబాదులో 1983లో ఎస్. సూరి స్థాపించిన జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ మన తెలుగునాట ఈ విద్యకు ప్రధానస్థానము. ఆ సంస్థ పక్షమున 2004 డిసెంబరులో అండమాను దీవులకు పోయి పోర్టుబ్లెయిరులో హ్యామ్ కేంద్రమును నెలకొల్పియున్న భారతీ ప్రసాద్, ఆ నెల 26వ తేదీన భూకంపమును సునామీయు విరుచుకొనిపడగా, ఆ కేంద్రమునే సహాయకార్యమునకు మళ్ళించి ద్వీపములవారి క్షేమసమాచారములను దేశమునకు అందజేసిరి. సముద్రము నంతదూరము దాటించినది చేతిసెట్టు కాదు. ఆకాశమందలి ఐనోవరణముచే ప్రతిఫలించు షార్ట్‌వేవ్ అలలు. కాని ఒక ఊరిలోపల, ఒక వాగునకు ఇరుగట్టుల నడుమ మాటను చేర్చునది చేతిసెట్టే.

మోరంచవాగు, ఆకేరు, గోదావరి గట్టులమీది గ్రామముల యువకులకును, పంచాయతీలకును నా మనవి యిది. ఊరికి ఇద్దఱైనను హ్యామ్ పరీక్షకు కూర్చుండుడు. అంతవఱకు అనుమతి యక్కఱలేని 446 సెట్లు రెండు మూడు పంచాయతీ కార్యాలయమున ఉంచుడు. మృగశిర కార్తెకు ముందే ఒక యాదివారము ఒకరు పంచాయతీ డాబామీదను, ఒకరు చెఱువుకట్టమీదను, ఒకరు దిగువ వాడలోను నిలిచి, ఎచ్చటనుండి ఎచ్చటికి మాట చేరునో, ఎచ్చట తెగునో నడచి చూచి, ఊరిపటముమీద గుర్తించి, ఆ పటముయొక్క ప్రతిని తహసీల్దారు కార్యాలయమునకును, పోలీసు ఠాణాకును అందజేయుడు.